వంక తెగితే చెరువు ఎక్కడిది?

తిరుపతి నుంచి చంద్రగిరి వైపు వెళ్తుంటే పేరూరు బండ మీద వకుళమాత గుడి కనిపిస్తుంది. ఆ ఊరి చెరువు కథ ఒకప్పుడు సుప్రీంకోర్టు దాకా వెళ్లిందని ఇప్పటి కుర్రాళ్లలో ఎంతమందికి తెలుసో! 1990ల మొదట్లో పేరూరు, అవిలాల చెరువుల భూములను ఇళ్ల కోసం కేటాయించారు. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటివని చెప్పుకునే చెరువులవి. ఇంటెలెక్చువల్స్ ఫోరం అనే స్థానిక సంస్థ కోర్టుకెక్కింది. 2006 ఫిబ్రవరి 23న తీర్పు వచ్చింది.

చెరువుల లాంటి సహజ వనరులకు ప్రభుత్వం యజమాని కాదు, ధర్మకర్త మాత్రమే అన్న సూత్రం కోసం న్యాయవాదులు ఆ తీర్పును ఉటంకిస్తుంటారు. నాకు మాత్రం సూత్రం కన్నా చివర్లో ఉన్న ఆదేశాలే ముఖ్యం. పేరూరు చెరువులో కొత్త కట్టడాలు వద్దనడంతో కోర్టు ఆగలేదు. చెరువుకు నీళ్లు తెచ్చే బోడెద్దుల వంకను బాగుచేయమంది. ఆ నీళ్లకు అడ్డుపడుతున్న చిన్న చెక్‌డ్యామ్‌ను తీసేయమంది. నీళ్లు భూమిలోకి ఇంకే ఊటచెరువు కోసం కనీసం 50 ఎకరాలు ఉంచమంది. స్వర్ణముఖి నుంచి వచ్చే పాత కాలువను మళ్లీ పారించడం కుదురుతుందో లేదో, ఎంత ఖర్చవుతుందో తేల్చమంది. నీటి సంరక్షణ కోసమని కట్టే చెక్‌డ్యామే ఒక చెరువు నోరు నొక్కిందంటే, చెరువును చూడాల్సింది కట్ట మీద నిలబడి కాదని అర్థం. ఎగువన వంక వెంబడి నడిచి చూడాలి.

మన చట్టాలు ఆ నడక నడవవు. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలే తీసుకోండి. తాగునీటి కోసమో, సాగునీటి కోసమో మనుషులు తవ్వుకున్న చెరువులను చిత్తడి నేలల నిర్వచనంలోంచే తప్పించారు. రాయలసీమలో మనుషులు తవ్వని చెరువు ఎక్కడుంది? ఇవన్నీ వాన నీటిని ఒడిసిపట్టడానికి కట్టిన గొలుసుకట్టు చెరువులే. పై చెరువు నిండి మరవ (మిగులు నీళ్లు పొర్లే చోటు) పోతే కిందిది నిండుతుంది, అది నిండితే ఏటికి. తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెరువుకు గూడబాతులు ఏటా వచ్చి, నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూళ్లు కట్టి, పులికాట్‌కు వేటకు వెళ్లి పిల్లలకు చేపలు తెస్తాయి. అదీ ఊరి చెరువే. పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు కాబట్టి దానికి రక్షణ దొరికింది. పక్షులు రాని చెరువుకు ఆ గతి కూడా లేదు.

పర్యావరణ ప్రభావ మదింపు సంగతి ఇంకా విచిత్రం. 2006 సెప్టెంబరు నోటిఫికేషన్ ప్రకారం 20 వేల చదరపు మీటర్ల నిర్మాణం దాటితేనే భవనాలకు పర్యావరణ అనుమతి అవసరం. టౌన్‌షిప్ అయితే 50 హెక్టార్లు, అంటే 123 ఎకరాలకు పైమాటే, లేదా లక్షన్నర చదరపు మీటర్ల నిర్మాణం ఉండాలి. ఆ గీత దాటినా ఈ కోవ ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. మన దగ్గర వెంచర్లు ఐదెకరాలు, పదెకరాలు, మహా అయితే ఇరవై. ఒక్కో లేఅవుటూ వంకను ఒక్కో మలుపు దగ్గర కొద్దిగా జరుపుతుంది, ఒక సిమెంటు తూము వేసి పైన రోడ్డు పోస్తుంది. విడివిడిగా చూస్తే ఎవరూ తప్పు చేయలేదు. పది లేఅవుట్లు పూర్తయ్యేసరికి వంక మురికి కాలువై, చెరువు ఎండి కంప చెట్లు మొలుస్తాయి. ఆ మీదట "ఎండిపోయిన చెరువే కదా" అన్న మాట వస్తుంది. ఎండబెట్టిందెవరన్న ప్రశ్న ఏ ఫైలులోనూ ఉండదు.

మదింపు నివేదిక తప్పనిసరైన చోట కూడా కాలం లెక్క మనకు సరిపోదు. వానాకాలం కాని ఒక సీజనులో సమాచారం సేకరిస్తే చాలన్నది వాడుక. మా తిరుపతి వైపు వంకలు నిండుగా పారేది ఈశాన్య రుతుపవనాలకు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మార్చి ఎండలో వచ్చిన సర్వే బృందానికి వంక కనిపించేది ఇసుక గీతలానే. నివేదికలోకీ అలాగే ఎక్కుతుంది. ఇక్కడి మదింపు కార్తీక మాసంలో జరగాలని ఒక్క వాక్యం చేర్చడానికి ఢిల్లీ నుంచి కొత్త చట్టం రావాలా?

2021 నవంబరులో ఆ ఇసుక గీతలన్నీ ఒకేసారి పారాయి. శేషాచలం మీద కురిసిన నీళ్లు కపిలతీర్థం, మాల్వాడిగుండం మీదుగా తిరుపతి ఊరి మీద పడ్డాయి. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు నీళ్లు ఊరడం మొదలయ్యేసరికి కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఇసుక బస్తాలతో కట్టను నిలబెట్టారు. ఆ వారం తిరుపతిలో మోకాటి లోతు నీళ్లలో నడిచినవాళ్లు నడిచింది చాలాచోట్ల పాత వంకల్లోనే. వాన అసాధారణమైనదే, కాదనను. వానకు దారి లేకపోవడం మాత్రం మన చేతి పని.

ఇప్పుడు చెరువుల పునరుద్ధరణ మాట బాగానే వినిపిస్తోంది. 2022లో మొదలైన కేంద్ర పథకం అమృత్ సరోవర్ జిల్లాకు 75 చెరువులని లక్ష్యం పెట్టుకుంది. పూడిక తీయడం మంచిదే. కానీ పట్నాల పక్కన పునరుద్ధరణ అంటే చుట్టూ రాతి గోడ, వాకింగ్ ట్రాక్, రంగు దీపాలు, నాలుగు బెంచీలు. నిటారు గోడ కట్టాక కొంగకు కాలు మోపే లోతులేని అంచు ఉండదు. జమ్ము మొలవదు, చేప గుడ్లు పెట్టే మూల మిగలదు. వంకను మాత్రం ఎవరూ ముట్టుకోరు. దాని మీద ఇప్పటికే ఇళ్లున్నాయి, ఓట్లున్నాయి. అక్కడ మొత్తం కూల్చేయమనడం నా వాదన కాదు, అది జరిగేదీ కాదు. కట్టిన చోట పక్కనుంచైనా నీళ్లకు దారి ఇవ్వాలి, కట్టని చోట ఇక కట్టనివ్వకూడదు. లేఅవుటు ఎంత చిన్నదైనా, రెవెన్యూ పటంలో ఉన్న ప్రతి వంకా ఎక్కడ మొదలై ఏ చెరువులో కలుస్తుందో గీసి చూపించాకే ఆమోద ముద్ర పడాలి. ఆ పటాన్ని ఊరి సచివాలయం గోడకు అంటించాలి. వెంచరు బ్రోచర్‌లో 'గ్రీన్ బెల్ట్' అని రాసిన చోట నిజానికి ఏముండేదో ఊళ్లో చెరువు నీళ్లు పంచిన పాత నీరుగంటిని అడిగితే చెబుతాడు.