సంకర ముఠా

సంకర వరి తెలుసు. సంకర పత్తి తెలుసు. మా తాతగారింట్లో ఉండేది సంకర జాతి ఆవే, పాలు బాగా ఇచ్చేది, కాకపోతే తన్నేది. సంకర ముఠా అని ఒకటి ఉంటుందని మాత్రం అమెరికావాళ్ళు చెబితేగానీ నాకు తెలియలేదు.

2011లో ఎఫ్‌బీఐ వారు దేశానికి ముఠాల వల్ల పొంచి ఉన్న ముప్పు మీద ఒక నివేదిక అచ్చేశారు. సుమారు 33,000 ముఠాలు, 14 లక్షల మంది సభ్యులు అని లెక్క తేల్చారు. జైలు ముఠాలు, వీధి ముఠాలు, మోటార్‌సైకిల్ ముఠాలు, అన్నీ వరసగా చెప్పుకుంటూ వచ్చి, ఒక చోట గొంతు సవరించుకుని, ముఖాలకి రంగేసుకునే ఇద్దరు బఫూన్ల పాటలు వినేవాళ్ళని కూడా పట్టుకొచ్చి "వదులుగా అల్లుకున్న సంకర ముఠా" అన్నారు.

వదులుగా! ఆ మాట రాసినాయనకి నా నమస్కారం. మా అపార్ట్‌మెంట్ సంఘం కూడా వదులుగా అల్లుకున్నదే. మీటింగ్ పెడితే సెక్రటరీ, వాచ్‌మన్, నేను. మెయింటెనెన్స్ డబ్బులు అడిగామంటే ఆ వదులు ఇంకాస్త పెరుగుతుంది. రేపు ఎవరైనా అధికారి వచ్చి మీది సంకర ముఠా అన్నాడనుకోండి, కాదని చెప్పడానికి మా దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు.

ఇంతకీ ఆ బఫూన్లది డెట్రాయిట్. జట్టు పేరు ఇన్‌సేన్ క్లౌన్ పోసీ, అంటే పిచ్చి జోకర్ల గుంపు. ఒకడు వయొలెంట్ జే, ఇంకొకడు షాగీ టూ డోప్. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఇద్దరికీ జోసెఫే. మొదటి ఆల్బమ్ 1992లో వచ్చింది. ముఖానికి తెలుపూ నలుపూ పులుముకుని, నరుకుతాం, చీలుస్తాం, చచ్చాక చీకటి తిరునాళ్ళకి రండి, మీ పాపాల లెక్క అక్కడ తేలుస్తాం అని పాడతారు. ఈ తరహా ర్యాప్‌కి హారర్‌కోర్ అని పేరు. గొడ్డలి పట్టుకుని పరిగెత్తే బొమ్మ వాళ్ళ కంపెనీ గుర్తు. కచేరీలో ఫేగో అనే చవక డెట్రాయిట్ సోడాని సీసాలకి సీసాలు జనం మీద చిమ్ముతారు. అభిమానుల్ని జగ్గలోలు అంటారు. తెలుగు చెవికి జగ్గులో ఏదో ఉన్నట్టు వినిపిస్తుంది. ఉంటుంది, ఆ సోడాయే.

పాటలు విన్నాను. మళ్ళీ వినను. ఆడవాళ్ళ మీద కట్టినవి కొన్ని విన్నాక, రంగేమీ పులుముకోకపోయినా లేచి ముఖం కడుక్కోవాలనిపించింది. కాబట్టి వీళ్ళని త్యాగరాజస్వామి పక్కన కూర్చోబెట్టమని నేనేమీ అడగడం లేదు.

కానీ వీళ్ళని పిలిచి పీట వేసిన పెద్దమనుషులెవరో చెబితే నమ్మరు. డిస్నీ. అవును, ఎలుక డిస్నీయే. ఆ కంపెనీకి హాలీవుడ్ రికార్డ్స్ అని పాటల విభాగం ఒకటుంది. వాళ్ళు ఈ సంబంధం ఖాయం చేసుకున్నారు. మరి ముందు అబ్బాయిని చూసుకోలేదా అంటే, ఎందుకు చూడలేదు, చూశారు. పెళ్ళిచూపులకి అబ్బాయి గొడ్డలి పట్టుకునే వచ్చి కూర్చున్నాడు. ఏం చేస్తుంటావు బాబూ అంటే నరుకుతుంటానండీ అన్నాడు. సంతోషం, రాబడి ఎలా ఉంటుందన్నారు. బాగానే ఉంటుందన్నాడు. కాఫీలు తాగారు. కొన్ని పాటలు తీసెయ్యి నాయనా, కొన్నిట్లో మాటలు మార్చు నాయనా, మాది పరువుగల ఇల్లు అన్నారు. అబ్బాయి కిక్కురుమనకుండా సరేనన్నాడు. 1997 జూన్ 25న ముహూర్తం. ద గ్రేట్ మిలెంకో అనే ఆ ఆల్బమ్ దుకాణాలకి చేరింది. ఇంకా కొన్ని గంటలు కూడా కాలేదు, తల మీద అక్షింతలు దులుపుకోనేలేదు, పెళ్ళికూతురి తండ్రి పందిట్లోకి పరిగెత్తుకుంటూ వచ్చి "అయ్యయ్యో, వీడి చేతిలో గొడ్డలుందేమిటి!" అన్నాడు.

అంతే. సరుకు వెనక్కి. టూర్ రద్దు. టీవీలో ప్రకటనలు ఆపేశారు. కాఫీ తాగిన గ్లాసులు ఎవరు కడిగారో తెలియదు.

అదే నెలలో సదరన్ బాప్టిస్టులు, అంటే అమెరికాలో ఒక పెద్ద క్రైస్తవ శాఖవాళ్ళు, డిస్నీని బహిష్కరించాలని తీర్మానం చేశారు. ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి నేను ఊరుకుంటున్నాను. ఊరుకోలేనిది ఇంకొకటుంది. దానికి ఆరు నెలల ముందు, 1996 డిసెంబర్‌లో, డిస్నీ చేతిలోనే ఉన్న మిరామాక్స్ అనే సినిమా కంపెనీ తన డైమెన్షన్ పేరు మీద స్క్రీమ్ అనే సినిమా వదిలింది. ముసుగేసుకున్నవాడు హైస్కూలు పిల్లల్ని పొడిచి పొడిచి చంపుతాడు. దాన్ని ఎవరూ థియేటర్ల నుంచి వెనక్కి తెప్పించలేదు. కత్తి సంసారపక్షం, గొడ్డలి కాదు. వంటింట్లో ఉండేది కత్తే కదా మరి.

తర్వాత ఐలాండ్ రికార్డ్స్ వాళ్ళు అదే ఆల్బమ్‌ని తీసుకుని అమ్ముకున్నారు. అది పది లక్షల కాపీలు దాటింది.

2002లో మన జోకర్లకి జ్ఞానోదయం అయింది. పదేళ్ళుగా గొడ్డళ్ళతో పాడిందంతా నిజానికి దేవుడి గురించేనని ఆ ఏడాది ఆల్బమ్‌లో సెలవిచ్చారు. ఆ తిరునాళ్ళే దేవుడట. 2010లో ఇంకో పాటలో, అయస్కాంతాలు ఎలా పనిచేస్తాయో అని నోరు వెళ్ళబెట్టారు. లోకమంతా పగలబడి నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వాక మా అన్నయ్య కొడుకుని అడిగాను, వాడు ఇంజినీరింగ్ మంచి మార్కులతో పాసైనవాడు. "ఎలక్ట్రాన్లు, బాబాయ్" అన్నాడు. ఎలక్ట్రాన్లు ఏం చేస్తాయిరా అంటే "తిరుగుతాయి" అన్నాడు. తిరిగితే ఇనుము ఎందుకొచ్చి అంటుకుంటుందిరా అంటే వాడికి ఫోనొచ్చింది. ఇవాళ్టికీ ఆ ఫోను మాట్లాడుతూనే ఉన్నాడు.

సరే, ముఠా దగ్గరికి వద్దాం. ఈ జగ్గలోలు ఏడాదికోసారి ఒకచోట కూడతారు. మొదటి జాతర 2000లో ఎక్కడ జరిగిందనుకున్నారు? మిషిగన్‌లో నోవైలో. మన తెలుగువాళ్ళు కార్ల కంపెనీల్లో పనిచేస్తూ ఇళ్ళు కొనుక్కుని, సంక్రాంతికి ముగ్గుల పోటీలు పెట్టుకునే నోవై అదే. వీళ్ళు సోడా, వాళ్ళు రంగులు.

వీళ్ళలో నేరాలు చేసినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. కొందరు ఘోరమైనవే చేశారు. వాళ్ళని పట్టుకోవడానికి చట్టాలున్నాయి, జైళ్ళున్నాయి. కానీ మిగతా లక్షల మంది మాటేమిటి? వీళ్ళని ముఠాగా గుర్తించినవి నాలుగు రాష్ట్రాలేనని ఆ నివేదికలోనే ఉంది. అయినా అచ్చులో మాట పడిపోయింది. పడ్డాక ఏమైందో చూడండి.

టెనెసీలో ఒక లారీ డ్రైవర్. తన బండి, తన కష్టం. బండి మీద ఆ గొడ్డలి బొమ్మ వేయించుకున్నాడు. పోలీసాయన ఆపాడు. కాగితాలు చూశాడు, చక్రాలు చూశాడు, బొమ్మ చూశాడు. చూసి అడిగాడు కదా: బండిలో గొడ్డళ్ళు, చేగొడ్డళ్ళు, అలా నరికే పనిముట్లు ఏమైనా ఉన్నాయా?

ఇది నా కల్పన కాదు, కోర్టు కాగితాల్లో ఉంది. లేవండీ అన్నాడు డ్రైవర్. అయినా వెతికారు.

ఈ లెక్కన ఆ పోలీసాయన్ని ఒక్కరోజు మన సూర్యాపేట హైవే మీద నిలబెట్టాలని నా కోరిక. మొదటి లారీ వస్తుంది. వెనకాల దిష్టిబొమ్మ, కోరలు బయటికి, నాలుక గడ్డం దాకా. "లోపల రాక్షసులున్నారా?" లేరండీ, సిమెంటుంది. "బంపరుకి ఈ నల్ల జడలేమిటి, ఎవరివి?" సవరాలండీ, దిష్టి కోసం. "సవరాలు సరే, తలలెక్కడ?" రెండో లారీ. నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతుంటాయి. "లోపల పచ్చడి ఎంత రవాణా చేస్తున్నారు?" మూడో లారీ మీద పులి. పోలీసాయన నాలుగడుగులు వెనక్కి వేసి, తుపాకీ పట్టుకుని, టార్పాలిన్ తియ్యమంటాడు. తీస్తే ఉల్లిపాయలు. "పులిని ఎక్కడ దింపేశావు?" నాలుగో లారీ మీద "నన్ను చూసి ఏడవకురా" అని ఉంటుంది. ఆయనకి దుబాసీ చదివి వినిపిస్తాడు. బెదిరింపు కేసు. సాయంత్రానికి నకిరేకల్ దాకా ట్రాఫిక్ జామ్, నివేదికలో కొత్త పేరా: దక్షిణ భారతంలో రాక్షసులూ పులులూ కలిసిన సంకర ముఠా, వదులుగా అల్లుకున్నది, సరుకు ఉల్లిపాయలు.

మా ఊళ్ళో సినిమా హీరో కటౌట్‌కి బిందెలతో పాలు పోసేవాళ్ళున్నారు. విడుదల రోజు థియేటర్ దగ్గర మేక తల తెగుతుంది, నిజం మేక, నిజం కత్తి. వాళ్ళు అభిమాన సంఘం. సోడా పోసుకునేవాడు ముఠా.

ఇంకొకడి సంగతి చెప్పాలి, ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. వాడు సైన్యంలో చేరాలనుకున్నాడు. ఒంటి మీద జగ్గలో పచ్చబొట్లున్నాయి. అవి ముఠా గుర్తులు అన్నారు. వాడు వందల డాలర్లు పోసి ఆ పచ్చబొట్ల మీద వేరే పచ్చబొట్లు వేయించుకున్నాడు. ఒంటిని రెండోసారి సూదులతో పొడిపించుకుని వచ్చాడు. అయినా తీసుకోలేదు. సైన్యంలో చేరి దేశం కోసం తుపాకీ పడతానని వచ్చినవాణ్ణి పచ్చబొట్లు చూసి వెళ్ళగొట్టారు! అవి ఎందుకు పొడిపించుకున్నావని ఒక్కడైనా అడిగాడా? డెట్రాయిట్‌లో 1950లో 18 లక్షల జనం. 2010కి 7 లక్షలు. కార్ఖానాలు మూసి, వీధులకి వీధులు పాడుబెట్టి, పిల్లల్ని ఆ శిథిలాల్లో వదిలేసి వెళ్ళినవాళ్ళు గట్టిగా అల్లుకున్నవాళ్ళు, వాళ్ళ మీద నివేదిక లేదు. ఆ వీధుల్లో మిగిలిన బీద కుర్రాళ్ళకి ఇద్దరు జోకర్లు కనబడి, మీరూ మా కుటుంబమేరా అన్నారు. పాట చెత్తే కావచ్చు. ఆ మాట ఇంకెవరు అన్నారు వాళ్ళతో? బడా? చర్చా? ఉద్యోగమిస్తామన్న కంపెనీయా? ఎవరూ అనలేదు. అన్నవాళ్ళ బొమ్మ వేయించుకున్నందుకు మాత్రం శిక్ష!

2014 జనవరిలో జోకర్లిద్దరూ, నలుగురు అభిమానులూ, ఏసీఎల్‌యూ అనే పౌరహక్కుల సంఘం తోడుగా డెట్రాయిట్‌లో కేసు వేశారు. కొట్టేశారు. పై కోర్టు 2015లో మళ్ళీ బతికించింది. కింది కోర్టు మళ్ళీ కొట్టేసింది. 2017 సెప్టెంబర్ 16న ముఖాలకి రంగులేసుకుని వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం దగ్గర కూడి, ఊరేగింపు తీసి, మేం ముఠా కాదు, కుటుంబం అని అరిచి వచ్చారు. గొడ్డళ్ళు తేలేదు.

డిసెంబర్‌లో పై కోర్టు చివరి మాట చెప్పింది. నివేదిక అనేది నివేదికే. దాన్ని చదివి ఎవరూ ఏమీ చేసి తీరాలని అందులో లేదు. చేసినవాళ్ళు తమంతట తాము చేశారు. కాబట్టి దాన్ని కోర్టులో ప్రశ్నించడానికి వీల్లేదు. మా ఊళ్ళో పెద్దాయన ఒకరు అరుగు మీద కూర్చుని, ఫలానా ఇంటి పిల్ల మంచిది కాదట అని ఒక మాట వదిలి, సంబంధం తప్పిపోయాక, నేనేమన్నానురా, అనుకుంటున్నారన్నాను అంతేగా అనేవారు. ఆయన ఇంగ్లీషు చదువుకోలేదు, లేకపోతే ఎంత దూరం వెళ్ళేవారో.

ఆ కుర్రాడు రెండోసారి వేయించుకున్న పచ్చబొట్ల డబ్బు ఎవరిస్తారో తీర్పులో లేదు.