హైస్కూల్లో ఇస్లాం పాఠం: కంఠస్థం ఉండనివ్వండి, ఉపన్యాసం తగ్గించండి

హైస్కూలు పిల్లలకు ఇస్లాం ధర్మ విద్య ఎలా నేర్పాలన్న చర్చ ఎక్కడ మొదలైనా చివరికి ఒక్కచోటికే వస్తుంది: బట్టీ పట్టించాలా, అర్థం చెప్పాలా? అసలు అడగాల్సింది ఇది కాదు. ఖుర్ఆన్ పారాయణం, నమాజు, జకాతు (తప్పనిసరి వార్షిక దానం), హదీసు (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనం), ప్రవక్త (స) జీవిత చరిత్ర టైంటేబుల్లో ఒకే పేరు కింద ఉంటాయి గానీ ఒకే రకం విద్యలు కావు. పారాయణం నోటికి రావాలి, నమాజు ఒంటికి అలవడాలి, జకాతు కాగితం మీద లెక్క తేలాలి, హదీసు దగ్గర మూలం వెతకడం తెలియాలి. వీటన్నిటికీ టీచరు నిలబడి మాట్లాడటం, చివరి 10 నిమిషాలు నోట్సు చెప్పి రాయించడం అనే ఒకే పద్ధతి నడుస్తోంది. అందరూ బట్టీని తిడతారు గానీ పిల్లలకు నిద్ర తెప్పిస్తున్నది ఉపన్యాసం.

పారాయణంతో మొదలుపెడదాం, టైము ఎక్కువగా పోయేది అక్కడే. క్లాసంతా ఒకే గొంతుగా సూరా (ఖుర్ఆన్ అధ్యాయం) చదువుతుంటే వినడానికి ఇంపుగానే ఉంటుంది. అందులో ఎవరు ఏ అక్షరం మింగేస్తున్నారో ఎంతటి ఉస్తాదుకైనా వినబడదు. సంప్రదాయ పద్ధతిలో రెండు భాగాలున్నాయి: ఉస్తాదు చదివితే విద్యార్థి విని అనడం ఒకటి, విద్యార్థి చదివితే ఉస్తాదు వినడం ఇంకొకటి. స్కూళ్లలో మొదటిదే మిగిలింది. రెండోదానికి టైమెక్కడిది అంటారు. లెక్క వేసి చూడండి. 30 మంది క్లాసు, 40 నిమిషాల పీరియడు. మనిషికి 2 నిమిషాల చొప్పున రోజుకు ఆరుగురిని వింటే 12 నిమిషాలు. ఐదు పీరియడ్లలో ఒక చుట్టు పూర్తవుతుంది. ఆ 12 నిమిషాలూ మిగతావాళ్లు జంటలుగా కూర్చుంటారు. ఒకరు చూడకుండా చదువుతారు, ఇంకొకరు ఖుర్ఆన్ తెరిచి వేలుపెట్టి చూస్తారు. వినే పిల్లవాడు పట్టుకోవాల్సినవి మూడే: అక్షరం మారిందా, దీర్ఘం పోయిందా, ఆగకూడని చోట ఆగారా. అంతకుమించి అప్పగిస్తే స్నేహితుల మధ్య పేచీలు తప్ప ఏమీ తేలదు.

తప్పులన్నీ ఒకేసారి దిద్దడం ఇంకో పొరపాటు. ఖుర్ఆన్ ఉచ్చారణ నియమాలు చెప్పే తజ్‌వీద్ శాస్త్రమే తప్పుల్ని రెండుగా విడగొట్టింది. అక్షరమో స్వరమో మారిపోయే బాహాటమైన తప్పు లహ్నె జలీ, అందం మాత్రమే తగ్గే సూక్ష్మమైన తప్పు లహ్నె ఖఫీ. మొదటి ఏడాదంతా లహ్నె జలీ మీదే పనిచేస్తే చాలు. రెండు వారాలకు ఒక జత అరబీ అక్షరాలు తీసుకోవాలి: గొంతు మధ్య నుంచి వచ్చే హా, గొంతు అడుగు నుంచి వచ్చే హా, తర్వాత ఖాఫ్, కాఫ్, ఆపైన సీన్, సాద్. తెలుగు లిపిలో రాసుకుని చదివే పిల్లలకు ఈ తేడాలు కాగితం మీద కనబడనే కనబడవు. సీన్, సాద్, సా మూడింటికీ మన దగ్గర ఉన్నది ఒకే 'స'. అందుకే తెలుగు లిపిని మొదటి నెల చేతికర్రగా వాడి తీసేయాలి. ఏళ్ల తరబడి ఉంచితే ఆ తప్పు నాలుకకు పట్టేస్తుంది.

నియమాల పట్టికలదీ ఇదే కథ. సుకూన్ ఉన్న (అంటే అచ్చు లేని) నూన్, అరబీ 'న', తర్వాత వచ్చే అక్షరాన్ని బట్టి నాలుగు నియమాలు: ఇజ్‌హార్‌కు (స్పష్టంగా పలకడం) 6 అక్షరాలు, ఇద్గామ్‌కు (తర్వాతి అక్షరంలో కలిపేయడం) 6, ఇఖ్లాబ్‌కు ('మ'గా మార్చడం) 1, ఇఖ్ఫాకు (దాచి పలకడం) 15. ఇది గడగడా అప్పజెప్పే పిల్లలు చదివేటప్పుడు ఆ నూన్ దగ్గర తడబడతారు. పట్టిక ముందు, పారాయణం తర్వాత అన్న వరుసే దీనికి కారణం. దాన్ని తిరగేయాలి. ఖుర్ఆన్ 30వ భాగంలో పిల్లలకు ముందే నోటికొచ్చిన చిన్న సూరా ఒకటి తీసుకుని, నూన్ శబ్దం మారిన చోట్ల పెన్సిలుతో గీత పెట్టించాలి. ఎందుకు మారిందో వాళ్లే ఊహించాక పేరు చెప్పాలి.

కంఠస్థం విషయంలో హిఫ్జ్ (ఖుర్ఆన్ మొత్తం కంఠస్థం చేయించే) మదర్సాల నుంచి స్కూళ్లు నేర్చుకోవాల్సింది ఒకటుంది. అక్కడ సబఖ్ అంటే కొత్త పాఠం, సబ్‌ఖీ అంటే ఈమధ్య అయిన పాఠం, మంజిల్ అంటే పాతది. మూడూ రోజూ నడుస్తాయి. స్కూల్లో సబఖ్ ఒక్కటే ఉంటుంది, పరీక్ష కాగానే ఎగిరిపోతుంది. వారానికి మూడు ఆయతులు (ఖుర్ఆన్ వాక్యాలు) తగ్గించినా నష్టం లేదు, పాతది తిరగేయని కంఠస్థం మాత్రం దండగ.

అర్థం సంగతికొస్తే, మొత్తం ఖుర్ఆన్‌కు భాష్యం చెప్పే ఉబలాటం వదిలి చిన్న సూరాలోనే లోతుకు దిగవచ్చు. 107వ సూరా అల్-మాఊన్‌లో 4వ ఆయతు దగ్గర ఆపి అర్థం చెప్పమనండి: నమాజు చేసేవారికి వినాశం అని వస్తుంది. క్లాసు ఉలిక్కిపడుతుంది. 5వ ఆయతు చదివిస్తే ఎవరి గురించో తేలుతుంది: తమ నమాజు పట్ల ఏమరుపాటుగా ఉండేవారి గురించి. సందర్భం తెంపి వాక్యాన్ని ఉటంకిస్తే ఏమవుతుందో ఐదు నిమిషాల్లో అర్థమైపోతుంది.

వుజూ (నమాజుకు ముందు చేసే శుద్ధి), నమాజు చేసి చూపించాల్సిన పాఠాలు, చేయించి చూడాల్సిన పాఠాలు. మొదటి సగంతోనే చాలామంది ఆపేస్తారు. వుజూలో నీళ్లు తగలకుండా పోయేవి మడమలు, మోచేతుల వెనక, వేళ్ల సందులు. పొడి మడమల గురించి బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండిటిలోనూ హెచ్చరిక ఉంది. సజ్దాలో (నమాజులో సాష్టాంగం) నేలకు తగలాల్సినవి ఏడు: ముక్కుతో సహా నుదురు, రెండు అరచేతులు, రెండు మోకాళ్లు, రెండు పాదాల వేళ్లు. పాదాలు గాల్లోకి లేవడం పక్కనుంచి చూసేవాడికే తెలుస్తుంది, కాబట్టి టీచరు ముందు వరుసలో నిలబడితే లాభం లేదు. మజ్‌హబ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం) తేడాలను దాచవద్దు. తల తుడవడంలో హనఫీలకు పావు వంతు తప్పనిసరి, షాఫయీలకు కొంత భాగం చాలు, మాలికీలకు తలంతా తుడవాలి. ముందే చెప్పకపోతే పిల్లవాడు ఇంటికెళ్లి తండ్రి వుజూ తప్పంటాడు. ఆ మర్నాడు తండ్రి స్కూలుకొస్తాడు.

ఒకతను హడావిడిగా నమాజు చేస్తే ప్రవక్త (స) 'వెళ్లి మళ్లీ చెయ్యి, నీ నమాజు కాలేదు' అని మూడుసార్లు వెనక్కి పంపి, అతను తనకు ఇంతకన్నా రాదని ఒప్పుకున్నాకే నేర్పారు. లోపం ఎక్కడో విద్యార్థి వెతుక్కునే వ్యవధి ఇచ్చారు. మన క్లాసుల్లో టీచరుకు ఆ ఓపిక మూడు సెకన్లు కూడా ఉండటం లేదు.

నా దృష్టిలో హైస్కూలు వయసుకు అన్నిటికన్నా తగిన పాఠం జకాతు, వారసత్వం. అన్నిటికన్నా నీరసంగా చెబుతున్నదీ అదే. 'జకాతు రెండున్నర శాతం' అని రాయించి వదిలేస్తారు. లెక్క ఇస్తే ఎక్కడ తడబడతారో చూడండి. నిసాబ్ (జకాతు వర్తించే కనీస ఆస్తి) దాటిన మిగులు మీదే రెండున్నర శాతం వేస్తారు, మొత్తం మీద వేయాలి. చాంద్రమాన సంవత్సరం బదులు మామూలు క్యాలెండరు తీసుకుంటారు; అలా తీసుకుంటే రేటు సుమారు 2.577 శాతం అవుతుంది. ఈ అంకె ఎలా వచ్చిందో వాళ్లచేతే కట్టించాలి. ఇంకో లెక్క: ఒకరి దగ్గర 60 గ్రాముల బంగారం ఉంది, వేరే ఏమీ లేదు. హనఫీ లెక్కలో బంగారం నిసాబ్ 87.48 గ్రాములు, కాబట్టి జకాతు లేదు. అదే మనిషి దగ్గర ఏడాది పాటు కొంచెం నగదు కూడా ఉంది. ఇప్పుడు రెండిటి విలువా కలిపి 612.36 గ్రాముల వెండి ధరతో పోల్చమంటారు హనఫీ పండితులు, జకాతు పడుతుంది. ఒంటి మీది నగలకు షాఫయీ మజ్‌హబ్‌లో మినహాయింపు ఉందని చెప్పగానే క్లాసులో సగం చేతులు పైకి లేస్తాయి. ఏ ఉపన్యాసమూ లేపలేని చేతులవి.

వారసత్వానికి ఒక్క లెక్క చాలు. ఒకాయన చనిపోయాడు; భార్య, తల్లి, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, మూడో వంతుకు మించని వీలునామా తీసేశాక మిగిలినదాంట్లో భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు, మిగతాది కొడుకుకు రెండు, కూతురికి ఒకటి చొప్పున. 24 భాగాలు చేస్తే భార్యకు 3, తల్లికి 4 పోగా 17 మిగులుతాయి. 17 మూడుతో భాగం కాదు. 72 భాగాలకు వెళ్లాలి: భార్యకు 9, తల్లికి 12, కొడుకుకు 34, కూతురికి 17. పిల్లలు మామూలుగా చేసే తప్పు, భార్య వాటా తీసేసి మిగిలినదాంట్లో తల్లికి ఆరో వంతు ఇవ్వడం. రెండూ మొత్తం నుంచే తీయాలి. 9వ శతాబ్దంలో అల్-ఖ్వారిజ్మీ రాసిన బీజగణిత గ్రంథంలో పెద్ద భాగం వారసత్వ లెక్కలే. లెక్కల టీచరుతో కలిసి ఈ పాఠం చెబితే ఇద్దరికీ పని తగ్గుతుంది.

హదీసుకు ఫోనే పాఠ్యపుస్తకం. ఇంట్లో గ్రూపుల్లో తిరిగే సందేశాలు నాలుగు తెమ్మనాలి. ఒక్కోదానికి నాలుగు గడులు: ఏ గ్రంథం, ఎన్నో సంఖ్య, ఎవరు ఉల్లేఖించారు, పండితులిచ్చిన స్థాయి ఏమిటి. 'చైనా వెళ్లయినా జ్ఞానం సంపాదించండి' అన్నది అందరి నోటా ఉన్న మాటే. బలహీనమనో కల్పితమనో హదీసు పండితులు తేల్చారని పిల్లలే కనుక్కుంటారు. ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోవాలి. జయీఫ్ (బలహీనం) అంటే అబద్ధం అని కాదు, మౌజూ (కల్పితం) వేరు. ఈ తేడా చెప్పకుండా వెతికిస్తే ఇంట్లో పెద్దల ప్రతి మాటకూ అడ్డుపడే చిన్న ముఫ్తీలు తయారవుతారు.

జీవిత చరిత్రలో సంవత్సరాల జాబితా కన్నా ఒక ఘట్టాన్ని తెరవడం మేలు. ప్రవక్త (స)కూ మక్కావాసులకూ మధ్య 628లో కుదిరిన హుదైబియా ఒప్పందం తీసుకోండి: ముస్లింలు ఈ ఏడాది వెనక్కి వెళ్లాలి, మక్కా నుంచి పారిపోయి వచ్చినవారిని తిరిగి అప్పగించాలి, 10 ఏళ్లు యుద్ధం లేదు. షరతులు బోర్డు మీద రాసి, తర్వాత ఏం జరిగిందో చెప్పకుండా ఒప్పుకోవచ్చా లేదా రాయమనాలి. ఆ తర్వాత ప్రవక్త (స) సహచరుడు ఉమర్ (రజి) అభ్యంతరం, ఆయన భార్య ఉమ్మె సలమా (రజి) ప్రవక్త (స)కు ఇచ్చిన సలహా చెప్పాలి. నాటకం మాత్రం వద్దు. ప్రవక్త (స) పాత్ర ఎవరికీ ఇవ్వకూడదు, ఆయన లేకుండా ఆ ఘట్టం నడవదు.

విధి, మరణం, దేవుడి ఉనికి మీద పిల్లలడిగే ప్రశ్నలకు పేర్లు రాయని చీటీల డబ్బా పెట్టి, వారం ముందే చదువుకుని జవాబివ్వడం మంచిది. తెలియనిది తెలియదనడం టీచరుకు చిన్నతనం కాదు, మాలికీ మజ్‌హబ్ ఎవరి పేరు మీద ఉందో ఆ ఇమాం మాలిక్ అంతటివారు ఆ మాట అన్నారు.

ఇవేవీ జరగకపోవడానికి అసలు కారణం ప్రశ్నపత్రం. 15 ఏళ్ల పిల్లలకు ఖాళీలు పూరించండి, జతపరచండి ఇస్తుంటే ఏ టీచరూ పద్ధతి మార్చడు. 100 మార్కుల్లో 30 నోటి పారాయణానికి, 20 చేసి చూపడానికి, 20 జకాతు లేదా వారసత్వ లెక్కకు, 15 హదీసు మూలానికి, మిగతా 15 ముందెప్పుడూ చూడని సందర్భాన్ని చర్చించడానికి ఉంచవచ్చు. నోటి పరీక్షలో పక్షపాతం ఉంటుందన్న ఫిర్యాదు వస్తుంది, అది న్యాయమైనదే. ఇద్దరు వేర్వేరుగా మార్కులు వేయాలి, తేడా 3 దాటితే రికార్డింగు మళ్లీ వినాలి. స్కూలు కమిటీల్లో కూర్చునే తల్లిదండ్రులు సిలబసు అడిగే ముందు నిరుటి ప్రశ్నపత్రం తెప్పించుకుని చూడండి.