ఏమీ పూసుకోలేదండీ

సెంటు కొట్టుకున్న సంగతి ఎదుటివాడికి తెలియకూడదు. తెలిసిందంటే ఆ సెంటు చెడిపోయినట్టే లెక్క. మగవాళ్ల రోజువారీ పరిమళాల విషయంలో ఇప్పుడు చలామణీలో ఉన్న సిద్ధాంతం ఇది. దీన్ని ఎవరైనా ఆషామాషీగా కొట్టిపారేస్తే నేను ఊరుకోను. డబ్బు పెట్టి కొన్న వస్తువు తన ఉనికిని దాచుకోవడమే దాని గొప్పతనమని నమ్మాలంటే చాలా పరిణతి కావాలి. చెప్పుల విషయంలో గానీ, గొడుగు విషయంలో గానీ మనిషి ఇంకా అంత ఎత్తుకు చేరలేదు.

ఈ కోవలో అగ్రతాంబూలం మస్క్, అంటే కస్తూరి, పరిమళానిది. అట్టపెట్టె మీది వర్ణన చదవండి. మృదువైనది, వెచ్చనిది, చర్మానికి అతి దగ్గరగా ఉండేది, అసలు చర్మమే తానై పోయేది. కొనేవాడికి చర్మం ముందే ఉందన్న చిన్న విషయాన్ని వర్ణన రాసినవారు పట్టించుకోలేదు. పట్టించుకోనవసరం లేదు కూడా. పుట్టుకతో ఊరికే వచ్చిన చర్మానికి విలువేముంది? దాని వాసనను ప్రయోగశాలలో మళ్లీ తయారు చేసి, సీసాకెత్తి, మూత బిగించి అమ్మినప్పుడు కదా మగవాడికి తన ఒంటి మీద గౌరవం కలిగేది!

వాడకంలో ఒక మర్యాద ఉంది. పక్కనున్నవారు ఎప్పుడైనా ముక్కు ఎగబీల్చి, "ఏదో మంచి వాసన వస్తోంది, ఏం సెంటండీ?" అని అడిగితే పేరు చెప్పకూడదు. ఒక క్షణం ఆశ్చర్యం నటించి, "సెంటా? ఏమీ పూసుకోలేదండీ, స్నానం చేసి వచ్చానంతే" అనాలి. ఈ అబద్ధం ఖరీదు కూడా సీసా ధరలోనే కలిసి ఉంటుంది. ఎన్నో సీసాల మూతలు తీసి చూసి, మణికట్టు మీద చల్లుకుని, గంటసేపు ఆగి, మళ్లీ వాసన చూసి, ఇంటికి వెళ్లి ఆలోచించి, మర్నాడు వచ్చి కొన్నదంతా ఈ ఒక్క వాక్యం పలకడానికే. అలంకరణ మీద తనకు శ్రద్ధ లేదని నలుగురికీ తెలియజేయడానికి మగవాడు పడే శ్రమ ముందు పెళ్లికూతురి ముస్తాబు ఏపాటిది?

దీనికంతటికీ మూలపురుషుడైన కస్తూరి మృగానికి ఇంత మొహమాటం లేదు. హిమాలయాల నుంచి సైబీరియా దాకా చలి అడవుల్లో తిరిగే ఈ జంతువుకు కొమ్ములుండవు, మగదానికి కోరల్లా పొడుచుకొచ్చిన పళ్లుంటాయి. దాని పొట్ట కింద ఒక గ్రంథి. జోడు కట్టే కాలంలో ఆ గ్రంథి వాసనతో అది అడవికంతటికీ ఒకే సమాచారం పంపుతుంది: నేనిక్కడ ఉన్నాను. అందులో నాజూకుతనం లేదు, రోజువారీ వాడకం లేదు, స్నానం చేసి వచ్చానన్న బుకాయింపు లేదు. అసలు గ్రంథిలోని పదార్థాన్ని నేరుగా వాసన చూస్తే ముక్కు అదిరిపోయేంత ఘాటు. ఆల్కహాలులో బాగా పలచన చేసి, నెలల తరబడి ఊరనిచ్చాకే దానికి మర్యాద అబ్బుతుంది. ఆ కాస్త గ్రంథి కోసం మనిషి ఆ జంతువును శతాబ్దాల పాటు వేటాడి చంపాడు. హిమాలయ ప్రాంతపు కస్తూరి మృగాలతో అంతర్జాతీయ వ్యాపారం ఇప్పుడు నిషిద్ధం. సీసాల్లో ఉన్న కస్తూరి దాదాపు అంతా రసాయన శాస్త్రవేత్తల చలవే.

ఆ శాస్త్రవేత్తల కథ ఇంకా బాగుంటుంది. 1888లో ఆల్బర్ట్ బౌర్ అనే జర్మన్ రసాయనవేత్త టీఎన్‌టీ జాతికి చెందిన పేలుడు పదార్థాన్ని మెరుగుపరచాలని కూర్చున్నాడు. కోతిని చేయబోతే అయ్యవారయ్యారు. తయారైన పదార్థం బాంబుగా పెద్దగా పనికిరాలేదు గానీ కస్తూరిలా గుబాళించింది. కృత్రిమ మస్క్‌ల వంశం అలా మొదలైంది. అందుచేత తన సెంటు చాలా సౌమ్యమైనదని చెప్పుకునే పెద్దమనిషి ఒక విషయం గుర్తుంచుకోవాలి: ఆ సౌమ్యతకు పేలలేకపోయిన చరిత్ర ఉంది. తర్వాత 1926లో లియోపోల్డ్ రుజిచ్కా అనే రసాయనవేత్త అసలు కస్తూరి వాసనకు కారణమైన మస్కోన్ నిర్మాణాన్ని తేల్చాడు. 15 కార్బన్ పరమాణువులు చేతులు పట్టుకుని నిలబడిన పెద్ద వలయం అది. అంత పెద్ద వలయం నిలకడగా ఉండదని అప్పటిదాకా పండితులు నమ్మేవారు. ఇలాంటి పెద్ద వలయాల మీద చేసిన కృషి ఆయనకు 1939లో నోబెల్ బహుమతి రావడానికి ఒక కారణం. మనవాడు కూరగాయలకు బయలుదేరుతూ చొక్కా మీద రెండుసార్లు నొక్కే మీట వెనుక ఇంత పాండిత్యం ఉంది.

అసలు కిటుకు 1960ల్లో జరిగింది. గెలాక్సొలైడ్ అనే చవకైన మస్క్ వచ్చింది. అది నీటిలో కరగదు, బట్టను పట్టుకుంటే వదలదు, ఎన్నిసార్లు జాడించినా కూర్చునే ఉంటుంది. బట్టల సబ్బుల తయారీదారులకు ఇంతకంటే కావలసిందేముంది? పొడుల్లో, ద్రవాల్లో ధారాళంగా కలిపారు. ఉతికిన బట్టకు ఒక వాసన ఉంటుందని, దాని పేరు శుభ్రత అని మన ముక్కులకు పాఠం చెప్పింది ఇలాంటి మస్క్‌లే. నిజానికి శుభ్రతకు వాసన ఉండదు, నీళ్లకు లేనట్టే. ఆ పాఠం ఒంటబట్టాక అదే కుటుంబపు వాసనను చిన్న సీసాలో పోసి, నల్ల మూత పెట్టి, "పురుషులకు" అని రాసి, ఉతికిన చొక్కా వాసన ఇది అని అమ్ముతున్నారు. చొక్కా ఉతుక్కుంటే సరిపోతుంది కదా అని మీరు అనవచ్చు. అది సంస్కారం లేని ప్రశ్న.

ఆ "పురుషులకు" అన్న మాట గురించి కూడా ఒక సందేహం. అదే అణువు ఆడవాళ్ల సెంటులో ఉంది, పసిపిల్లల బట్టలు ఉతికే సబ్బులో ఉంది. ఏ సీసాలో పడితే మీసాలు మొలిపించుకోవాలో దానికి ఎలా తెలుస్తుంది? నాకు తోచిన సమాధానం మూత బరువు. మగవాళ్ల సీసా మూత చేతిలోంచి జారి కాలి మీద పడితే దెబ్బ తగలాలి. మురుగునీటి ద్వారా ఈ మస్క్‌లు నదుల్లోకి చేరుతున్నాయని, చేపల ఒంట్లోనూ జాడలున్నాయని పరిశోధకులు చెబుతున్నారు. పాపం ఆ చేపలకు అది పురుషుల రకమో స్త్రీల రకమో చెప్పే మూత లేదు.

ఇక ముక్కు సంగతి. సెంట్లలో వాడే బరువైన అణువుల్లో మస్క్‌లు కూడా ఉన్నాయి. గెలాక్సొలైడ్ అణుభారం 258. అందుకే నెమ్మదిగా ఆవిరవుతాయి, గంటల తరబడి నిలుస్తాయి. అయితే మిగతా వాసనలన్నీ చక్కగా పసిగట్టే ఆరోగ్యవంతుల్లోనే కొందరికి ఫలానా మస్క్ అస్సలు తెలియదు. ఒకరికి ఒక మస్క్ తెలియదు, ఇంకొకరికి మరొకటి. ఏదో ఒకటి తగలకపోతుందా అని పరిమళకారులు నాలుగైదు రకాలు కలుపుతుంటారు. తెలిసినవాడికైనా ఎంతసేపు? కాసేపు ఎడతెగకుండా వస్తున్న వాసనను ముక్కు లెక్కలోంచి తీసేస్తుంది. అంటే కొట్టుకున్నవాడికి తెలియదు, పక్కవాడికి తెలియకపోవచ్చు, తెలిసినవాడు అడిగితే కొట్టుకోలేదని చెప్పాలి. సంపూర్ణ వైరాగ్యం అంటే ఇదే.

కానీ గృహస్థు మనసు వైరాగ్యంలో ఎంతసేపని నిలుస్తుంది? తనకు వాసన తగలడం లేదని మరో రెండుసార్లు నొక్కుతాడు. ఇంకా తగలడం లేదని మెడ మీద, మోచేతి మడతలో, చొక్కా లోపల. తర్వాత లిఫ్టు ఎక్కుతాడు. ఆ లిఫ్టులో మూడో అంతస్తు దాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డవాళ్లకు సౌమ్యత అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది. (ఘాటు సెంటు కొట్టుకునేవాణ్ని నేను క్షమించగలను. కొట్టుకున్నానని అతను కనీసం ఒప్పుకుంటాడు.)

ఇదంతా ఇంకాస్త సాగదీసి, అసలు కొందరికి వాసనే తెలియని సెంటు ఒకటి అమ్మితే ఎలా ఉంటుందో ఊహించి రాద్దామనుకున్నాను. ఆ అవకాశం 2006లోనే పోయింది. గెజా షోన్ అనే పరిమళకారుడు "మాలిక్యూల్ 01" పేరుతో ఒకే ఒక్క కృత్రిమ పదార్థాన్ని, ఐసో ఈ సూపర్‌ను, ఆల్కహాలులో కలిపి సీసాల్లో పెట్టాడు. అది మస్క్ కాదు, కొయ్య వాసన జాతి. కొట్టుకున్నవాళ్లలో చాలామంది ఏమీ తెలియడం లేదంటారు, మరికొందరు వచ్చి పోతోందంటారు. అది ప్రపంచమంతా అమ్ముడుపోయింది. వ్యంగ్యం రాసుకునేవాడి నోటికాడ కూడు ఇలా లాక్కుంటే ఎవరికి చెప్పుకోవాలి?

కనుక తయారీదారులకు విమర్శ మానుకుని ఒక్క విన్నపం చేస్తాను. దయచేసి మగవాళ్ల సీసాలకు నల్ల గాజు మానేయండి. వాసన ముక్కుకు అందని సరుకు అయిపోయిందో లేదో కంటితో చూసుకోవడం తప్ప వేరే దారి లేదు. ఎంతమంది పెద్దమనుషులు ఎన్ని నెలలుగా ఖాళీ సీసాలతో ఒంటికి గాలి కొట్టుకుని, హుందాగా ఆఫీసుకు వెళుతున్నారో!