2520ను రామానుజన్ కనిపెట్టలేదు

చదువుకున్న మిత్రులే ఈ సందేశాన్ని మళ్లీ మళ్లీ పంపుతున్నారు. 1 నుంచి 10 వరకు అన్నింటితోనూ నిశ్శేషంగా భాగింపబడే సంఖ్య ఉండదని ప్రపంచ గణితవేత్తలంతా అనుకున్నారట. అటువంటిది 2520 ఒక్కటేనట, దాన్ని శ్రీనివాస రామానుజన్ కనిపెట్టారట. వారానికి 7 రోజులు, నెలకు 30 రోజులు, ఏడాదికి 12 నెలలు గుణిస్తే అదే వస్తుంది కనుక అందులో మన పూర్వుల కాలగణన రహస్యం దాగి ఉందట.

భాగహారం వరకు నిజమే. 1 నుంచి 10 వరకు సంఖ్యల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం), అంటే వాటన్నింటితోనూ భాగింపబడే అతి చిన్న సంఖ్య, 2520. ‘ఒక్కటే’ అన్న మాట మాత్రం నిలవదు. రెట్టింపు చేస్తే వచ్చే 5040, మూడింతలు చేస్తే వచ్చే 7560 కూడా అలాంటివే. ఇక 7×30×12 విషయానికి వస్తే, రోజులను రోజులతోనూ నెలలతోనూ గుణించగా వచ్చేది ఏ కాలానికీ కొలత కాదు, పైగా మన చాంద్రమాన సంవత్సరానికి ఉన్నవి సుమారు 354 రోజులే.

అసాధ్యమని అన్నదెవరు? క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలోనే ప్లేటో తన ఊహానగరంలో 5040 కుటుంబాలు ఉండాలంటూ, ఆ సంఖ్య 1 నుంచి 10 వరకు వరుసగా అన్నింటితోనూ భాగింపబడుతుందని కారణం చెప్పాడు. మన దేశంలో తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు భిన్నాలను కూడటానికి క.సా.గు.ను ‘నిరుద్ధం’ అన్న పేరుతో బోధించాడు. ఆయన గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. పూర్వుల ఘనత చాటుతున్నామంటూనే, వారు పాఠంగా చెప్పిన దాన్ని ఇరవయ్యో శతాబ్దం దాకా ఎవరికీ తెలియదనడం ఏ రకమైన గౌరవం?

అన్నింటికంటే బాధ కలిగించేది రామానుజన్‌కు జరిగిన అన్యాయం. నిజానికి ఆయనకు 2520తో సంబంధం ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. తనకంటే చిన్నవైన ఏ సంఖ్యకూ లేనన్ని భాజకాలు గల సంఖ్యల గురించి ఆయన 1915లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో ఒక సుదీర్ఘ పత్రం ప్రచురించారు. 2520 అంటే 2³×3²×5×7. ఘాతాలు 3, 2, 1, 1. ఒక్కోదానికి ఒకటి కలిపి గుణిస్తే 4×3×2×2, అంటే 48 భాజకాలు. ఇటువంటి సంఖ్యల వరుసలో దానికి ముందున్న 1680కి 40 మాత్రమే. ఇటువంటి సంఖ్యలన్నింటిలోనూ ఘాతాలు ఎడమ నుంచి కుడికి ఎన్నడూ పెరగవనీ, 4, 36 తప్ప మిగిలిన వాటన్నింటిలో చివరి ప్రధాన సంఖ్య ఘాతం 1 మాత్రమేననీ ఆయన నిరూపించారు. ఆరో తరగతి పిల్లలు కట్టే క.సా.గు.ను ఆయన ఆవిష్కరణగా ప్రచారం చేస్తే, ఈ నిరూపణను చదవాలని ఎవరికి తోస్తుంది?

ఆ పత్రంలో ఆయన ఇచ్చిన ఇటువంటి సంఖ్యల పట్టికలో వందకు పైగా సంఖ్యలున్నాయి. 2520 అందులో ఒక వరుస. చివరిది 6746328388800, అంటే 2⁶×3⁴×5²×7²×11×13×17×19×23. పైన చెప్పినట్టే లెక్కిస్తే దానికి 10080 భాజకాలు. కంప్యూటర్లు లేని కాలంలో అంతవరకు వెళ్లిన ఆ పట్టికలో తప్పిపోయింది ఒకే ఒక్కటి, 293318625600.