ఎలుకలకూ ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఇవ్వాలి

నర్సంపేట వైపు వరి పొలాల్లో గట్టు మీద బొరియ కనబడితే చాలు, లోపలున్నది ఎవరు, ఏ కుటుంబం అని అడగకుండానే పొగ పెడుతున్నారు. ముందస్తు నోటీసు లేదు, విచారణ లేదు. ఈ పద్ధతి ఆగాలి.

అందరికంటే నష్టపోతున్నది చుంచు. మూతి సాగి ఉంది, తోక ఉంది, రాత్రిపూట గోడ వెంబడి కిచకిచమంటూ ఉరుకుతది. ఇంకేం రుజువు కావాలని ఇంటాయన చీపురు ఎత్తుతాడు. నిజానికి ఎలుకలకూ దానికీ చుట్టరికమే లేదు. అది పురుగులు తినే జాతి, నోట్లో 30 పళ్లు. ఎలుకకు ఉన్నవి 16: ముందు నాలుగు ఉలిపళ్లు, వెనక పన్నెండు దవడపళ్లు, నడుమ ఖాళీ. మన ఇంట్లో బొద్దింకలను ఏరుకు తింటూ, పక్కింటి నేరానికి దెబ్బలు తింటోంది పాపం.

ఈ పొరపాటులో పెద్దలూ తక్కువేం కాదు. 1758లో జీవులను వర్గాలుగా విడదీసిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఎలుక, ఉడుత, కుందేళ్ల జాబితాలో ఖడ్గమృగాన్ని కూడా రాసుకున్నాడు. దాన్ని తర్వాత తీసేశారు గాని, కుందేలును 1912 దాకా ఎలుకల వర్గంలోనే ఉంచారు. రేషన్ కార్డులో పేరు తొలగించడం ఆలస్యమవుతోందని గొణిగేవాళ్లు ఇది గమనించాలి.

డీఎన్‌ఏ వచ్చాక తగాదాలు ఇంకా ముదిరాయి. మన చేలల్లో బొరియలు తవ్వే జెర్బిల్, అదే తోక చివర కుచ్చు ఉండేది, చాలాకాలం శాస్త్రవేత్తల లెక్కలో హామ్‌స్టర్లనే వేరే ఎలుకజాతి ఇంట్లో పెరిగింది. జన్యువులు చూస్తే ఇంటెలుక, చిట్టెలుకలు ఉన్న మ్యూరిడే కుటుంబంలోదే. అందులోనూ దగ్గరి చుట్టం ఎవరయ్యా అంటే, వీపున ముళ్లుండే ఆఫ్రికా ఎలుకట!

స్థానికత మాట ఎత్తకపోవడమే మంచిది. ఇంటెలుక, చిట్టెలుకల పూర్వీకుల శిలాజాలు ఉపఖండంలోనే, హిమాలయాల పాదాల దగ్గరి శివాలిక్ రాళ్లలో దొరికాయి, వయసు కోటీ ముప్పై లక్షల ఏళ్ల పైమాటే. ముల్కీ నిబంధనలు పెడితే నాన్‌లోకల్ మనమే అవుతాం.

ఇక పందికొక్కు సంగతి. దాని వంశం మీద అనుమానాల్లేవు, నల్ల ఎలుకకు దగ్గరి బంధువు. చిక్కంతా గోదాముల్లోనే. బస్తా తూకం తగ్గిన ప్రతిసారీ పంచనామాలో దాని పేరే రాస్తున్నారు. అందుకని ఒక సవరణ: ధాన్యం దగ్గర దొరికిన ప్రతివారి నోరు తెరిపించి పళ్లు లెక్కపెట్టాలి. 16 ఉంటే బోను తేవాలి. 32 ఉంటే ఫైలు పైఆఫీసుకు పంపి, జవాబు వచ్చేదాకా ఆగాలి.