నా ఈస్టర్ 14 రోజులు లేటు

నేను చర్చి మానేశానని ఎవరైనా అంటే నాకు తెగ కోపం వచ్చేది. మానేయడమేంటండీ, ప్రతి ఆదివారం ఫోన్లో ఆరాధన చూస్తున్నా కదా, కాకపోతే దుప్పట్లోంచి చూస్తున్నా, అంతే తేడా. 2020లో కరోనాకి చర్చి తలుపులు మూసినప్పుడు అందరం ఫోన్లకి అతుక్కున్నాం, తర్వాత తలుపులు తెరిచారు, అందరూ వెళ్లిపోయారు, నేను మాత్రం ఇంకొంచెం పరిస్థితి చూద్దాం అనుకుంటూ చూసి చూసి ఆరేళ్లు చూశాను.

పైగా నా దగ్గర వాక్యం కూడా రెడీగా ఉండేది. ఇద్దరు ముగ్గురు నా నామమున ఎక్కడ కూడి ఉంటారో అక్కడ నేనుంటాను అన్నాడు కదా ప్రభువు, మత్తయి 18:20. నేను, ఫోను, తలగడ, లెక్క సరిపోయింది. ఆ వచనానికి సరిగ్గా ఐదు వచనాల ముందు ఏముందో మాత్రం ఎప్పుడూ పైకి జరిపి చూళ్లేదు. అక్కడున్నదంతా గొడవ సంగతి, నీ సహోదరుడు నీ పట్ల తప్పు చేస్తే వెళ్లి వాడితో విడిగా మాట్లాడు, వినకపోతే ఒకరిద్దర్ని వెంటబెట్టుకెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు అని. అంటే ఒకళ్లతో ఒకళ్లు పడలేక పడుతూ, అలిగి మళ్లీ కలిసేవాళ్లకి చెప్పిన మాట అది. నా తలగడతో నాకు ఎప్పుడూ ఏ గొడవా లేదు.

సుఖం మాత్రం సుఖమే, ఒప్పుకోవాలి. ప్రసంగం ఒకటిన్నర స్పీడులో పెట్టేవాణ్ని, పాస్టర్ గారు పరలోకం బస్సు మిస్సవుతున్నట్టు మాట్లాడేవారు. పాటలు నొక్కి దాటించేవాణ్ని, కానుకల టైమైతే మరీ శ్రద్ధగా దాటించేవాణ్ని. "అందరం లేచి నిలబడదాం" అంటే రెండో పక్కకి తిరిగి పడుకునేవాణ్ని. "మీ పక్కవాళ్లకి వందనాలు చెప్పండి" అంటే తలగడకి చెప్పేవాణ్ని, అది ఒక్కసారి కూడా తిరిగి చెప్పలేదు, పొగరు. ఇంకా ప్రసంగంలో నిద్రొచ్చినా భయం లేదు. బైబిల్లో ఐతుకు అనే కుర్రాడున్నాడు కదా, త్రోయ అనే ఊళ్లో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే కిటికీలో కూర్చుని జోగి జోగి మూడో అంతస్తు నుంచి కింద పడ్డవాడు. నా మంచం మోకాలెత్తే. అయితే వాడు పడగానే పౌలు ప్రసంగం ఆపి కిందకి దిగి వాణ్ని కౌగిలించుకున్నాడు, నేను ఒకసారి నిజంగానే మంచం మీంచి పడ్డాను, ఫోన్లో ప్రసంగం ఆగలేదు సరికదా, మధ్యలో కొబ్బరినూనె యాడ్ కూడా వచ్చింది.

ఇక అసలు కథ. ఏప్రిల్ 12 ఆదివారం, కళ్లు సగమే తెరిచి చర్చి ఛానెల్లోకి వెళ్లి ఏదో ఒకటి నొక్కాను. పైన ఏప్రిల్ 13 అని ఉంది. ఇవాళ 12 కదా అని ఒక్క క్షణం అనుమానమొచ్చింది గానీ పెట్టేవాళ్లు తప్పు కొట్టి ఉంటారులే అని వాళ్లమీదే జాలిపడ్డాను. పాటలు దాటించాను కాబట్టి జనం చేతుల్లో మట్టలు పట్టుకుని హోసన్నా అని పాడింది చూళ్లేదు. ప్రసంగం గాడిద పిల్ల గురించి నడుస్తోంది, యేసు యెరూషలేముకి గాడిద పిల్ల మీద వచ్చాడు అని పాస్టర్ గారు ఒకటిన్నర స్పీడులో చెప్తున్నారు, అది ఈస్టర్‌కి ముందొచ్చే మట్టల ఆదివారం ప్రసంగమని, అది కూడా పోయినేడాది వీడియో అని అంతసేపు వింటున్న ఈ గాడిదకి తట్టలేదు. చివర్లో ప్రకటన: "వచ్చే ఆదివారం ఈస్టర్, తెల్లవారుజామున ఐదు గంటలకి చర్చి ఆవరణలో సూర్యోదయ ఆరాధన, అందరూ తప్పక రావాలి."

ఇక్కడ నన్ను మరీ తిట్టుకోకండి, తప్పు కొంత క్యాలెండర్‌ది కూడా. ఈస్టర్ క్రిస్మస్ లాగా ఒక తేదీకి కట్టుబడి ఉండే పండగ కాదు, మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమిని పట్టుకుని దాని తర్వాతి ఆదివారం చేస్తారు, అందుకని మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 మధ్యలో ఎప్పుడైనా రావొచ్చు. 2025లో ఏప్రిల్ 20న వచ్చింది, 2026లో ఏప్రిల్ 5నే వచ్చి వెళ్లిపోయింది. చర్చికి వెళ్లేవాడికి ఇవేవీ తెలియక్కర్లేదు, పక్కవాడు చెప్తాడు. నా పక్కన ఉన్నది తలగడ. చర్చి వాట్సాప్ గ్రూపుంది గానీ దాన్ని ఎప్పుడో మ్యూట్‌లో పడేశాను, రోజూ అన్ని గుడ్ మార్నింగులు ఎవడు చూస్తాడని.

ఎందుకో ఈ ఒక్కసారి మాత్రం వెళ్లాలనిపించింది. ఈస్టర్ కదా. 19వ తారీఖు మూడున్నరకి అలారం పెట్టి లేచి, తలస్నానం చేసి, తెల్లబట్టలు వేసుకుని, ఒక కొవ్వొత్తి పట్టుకుని బయల్దేరాను. వెళ్లేముందు ఆరేళ్ల తర్వాత మొదటిసారి గ్రూపు తెరిచి, పైన ఎవరేం రాశారో చదవకుండానే "ప్రభువు లేచెను! అందరికీ ఈస్టర్ శుభాకాంక్షలు!" అని పెట్టి ఫోన్ జేబులో పడేశాను. దార్లో నా మీద నాకే గౌరవం పెరిగిపోయింది. ప్లినీ అనే రోమా గవర్నరు 112 ప్రాంతంలో ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో ఈ క్రైస్తవులు ఒక నిర్ణీత రోజున తెల్లారకముందే కూడుకుని క్రీస్తుని దేవుడిగా భావించి కీర్తన పాడుకుంటారు అని ఉంటుంది, వాళ్లు పట్టుబడితే ప్రాణాలు పోయే రోజులవి, అయినా చీకట్లో నడిచెళ్లి కలుసుకునేవాళ్లు. నేను కూడా చీకట్లోనే నడుస్తున్నా కదా, ఇంచుమించు నేనూ ఆ బాపతే అనుకున్నాను.

చర్చి గేటు దగ్గర ఒక్క మనిషి లేడు, లైటు లేదు, కుర్చీ లేదు. నేనే మొదట వచ్చానని ఇంకా పొంగిపోయి, కొవ్వొత్తి వెలిగించి, లోపల ఎవరో కదిలినట్టుంటే గట్టిగా "ప్రభువు లేచెను!" అన్నాను. అవతలివాళ్లు "నిజముగా లేచెను" అనాలి కదా, ఆ పద్ధతి నాకు గుర్తుంది.

కాపలా తాత దుప్పటి కప్పుకుని, చేతిలో కర్రతో వచ్చాడు.

"ఎవరది?"

"ప్రభువు లేచెను తాతా!"

"ఆయన లేచి రెండు వారాలైంది బాబూ. ఇప్పుడు లేచింది నేను."

నాకు అర్థం కాలేదు. సూర్యోదయ ఆరాధన లేదా అన్నాను. తాత ఆకాశం వైపు చూసి, నా తెల్లబట్టల వైపు చూసి, కొవ్వొత్తి వైపు చూసి, "సూర్యోదయం ఉంది, ఆరాధన తొమ్మిదింటికి" అన్నాడు. ఆ పొద్దున సమాధి దగ్గరికెళ్లిన ఆడవాళ్లకి ఆయన ఇక్కడ లేడు అని చెప్పడానికి దేవదూతలొచ్చారు, నాకు తాత వచ్చాడు.

అప్పుడు జేబులో ఫోను ఒకటే వణకడం. గ్రూపు నిద్రలేచింది. మొదటి మెసేజి: "బ్రదర్ అకౌంట్ హ్యాక్ అయినట్టుంది, ఎవరూ ఏ లింకూ నొక్కకండి." దానికింద నలుగురు దణ్ణాలు పెట్టారు. ఇంకొకాయన: "ఈయన గ్రూపులో ఉన్నారా అసలు?" చదువుకున్న కుర్రాడొకడున్నాడు, వాడైతే నాకోసం న్యాయంగా దారి వెతికాడు, "అన్న ఆర్థడాక్స్ సంఘంలోకి మారారేమో, వాళ్ల ఈస్టర్ లెక్క వేరు" అని, మళ్లీ వాడే రెండు నిమిషాలకి "కాదు, వాళ్లది కూడా 12నే అయిపోయింది" అని ఆ దారి కూడా మూసేశాడు. నేను దుప్పట్లో పడుకుని గాడిద పిల్ల ప్రసంగం వింటున్న రోజది.

ఐదుంపావుకి ఫోన్ మోగింది. మా సంఘంలో పెద్దక్క, అప్పట్లో ప్రతి ఆదివారం నా వెనక వరసలో కూర్చునేది, ఆవిడ పాడితే శ్రుతి ఎటో ఆవిడ ఎటో, నిజం చెప్పాలంటే నేను ఇంట్లో కూర్చోవడానికి ఆ గొంతు కూడా ఒక కారణం.

"తమ్ముడూ, బాగానే ఉన్నావా? ఒంట్లో ఏమన్నా తేడాగా ఉందా? జ్వరమొచ్చిందా? ఎక్కడున్నావ్?"

"చర్చి దగ్గరున్నానక్కా."

కాసేపు అవతల్నుంచి మాట లేదు. ఆవిడకి జ్వరం అనుమానం ఇంకా గట్టిపడినట్టుంది.

ఇంత తప్పు నేను వారం రోజులు మోశాను, ఫోను ఒక్క ముక్క చెప్పలేదు, వీళ్లు ఐదు నిమిషాల్లో పట్టేశారు, పట్టేసి నవ్వారు, నవ్వి ఫోన్ కూడా చేశారు. హెబ్రీ పత్రికలో సమాజముగా కూడుట మానక అని ఉంటుంది కదా, కొందరు మానుకుంటున్నట్టు అని కూడా రాసి ఉంటుంది, అంటే మొదటి శతాబ్దంలోనే నాలాంటివాళ్లున్నారన్నమాట, అది చదివి నేను ఊరట పొందేవాణ్ని. ఆ వెంటనే ఒకరినొకరు హెచ్చరించుకోండి అని ఉందే, అది ఆరోజు పొద్దున్న గేటు దగ్గర నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది. మంచాన పడ్డవాళ్ల సంగతి వేరు, వాళ్లకి ఈ ఫోన్ ఆరాధన నిజంగా వరమే, 155 ప్రాంతంలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రాసినదాంట్లో కూడా ఆదివారం అందరూ ఒకచోట కూడుకున్నాక రాలేకపోయినవాళ్లకి డీకన్లు, అంటే సంఘ పరిచారకులు, ప్రభువు బల్లలోని రొట్టె, ద్రాక్షరసంలో భాగం తీసుకెళ్లి ఇచ్చేవాళ్లని ఉంటుంది. రాలేనివాళ్లకండీ. రాబుద్ధి కానివాళ్లకి ఎవరూ మోసుకెళ్లినట్టు లేదు.

ఇంటికెళ్లి మళ్లీ పడుకుందామని తిరిగాను గానీ తాత వదల్లేదు. "ఎట్లాగూ వచ్చావుగా, కుర్చీలు వెయ్యి" అన్నాడు. తెల్లబట్టల్లో రెండొందల కుర్చీలు వేశాను. మధ్యలో తాత ఊరుకుంటాడా, "శిష్యుల్లో తోమా కూడా ఇట్లాగే మొదటి ఈస్టర్ సాయంత్రం మిగతావాళ్లతో లేకుండా ఎటో పోయాడు, ప్రభువు వచ్చింది మిస్సయ్యాడు. కానీ వాడు ఎనిమిది రోజులకి వచ్చి వాళ్లతో కూర్చున్నాడయ్యా, నువ్వు పద్నాలుగు తీసుకున్నావు" అన్నాడు. ఆరేళ్లు అని సరిచేయాలనిపించింది గానీ నోరు రాలేదు. తోమాకి ప్రభువు విడిగా ఇంటికెళ్లి కనబడలేదు, మళ్లీ అదే గదికి, అందరూ ఉన్నప్పుడే వచ్చాడు, ఆ సంగతి అన్నిసార్లు చదివినా కుర్చీలు మోస్తుంటేనే తట్టింది.

తొమ్మిదయ్యేసరికి జనం వచ్చారు. ఒక్కొక్కరూ నా చెయ్యి పట్టుకుని "హ్యాపీ ఈస్టర్ బ్రదర్" అనడమే, చిన్నపిల్లలు కూడా. అక్క వెనక వరసలో కూర్చుని అదే గొంతుతో పాడింది. దాటించడానికి బటన్ లేదు కాబట్టి నేనూ పాడాను, నా శ్రుతి కూడా ఏమంత గొప్పగా లేదని ఆరేళ్ల తర్వాత తెలిసింది, ముందు వరసాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ప్రసంగం మామూలు స్పీడులోనే నడిచింది, పాస్టర్ గారు మధ్యమధ్యలో ఊపిరి కూడా పీల్చుకుంటారని మర్చేపోయాను. పక్కవాళ్లకి వందనాలు చెప్పమంటే చెప్పాను, పక్కాయన తిరిగి చెప్పాడు, చెప్పి చెయ్యి వదలకుండా మీ అమ్మగారి మోకాలు ఎలా ఉంది అని అడిగాడు, అది ఆరేళ్ల కిందటి ప్రార్థన విన్నపం.

చివర్లో పాస్టర్ గారు ప్రకటనలు చదవడం మొదలుపెట్టారు. "వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత సంఘ సమావేశం ఉంటుంది, అందరూ తప్పక రావాలి" అన్నారు, అని ఒక్క క్షణం ఆగి, కళ్లజోడు సరిచేసుకుని, నేరుగా నా వైపు చూసి, "2026లో" అన్నారు.