లూజు కాంటాక్టు

మా వీధిలో పొద్దున్నే నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఎడమ పక్కింటి ఒడియా మేష్టారు "కణ హెలా, ఆజ్ఞా?" అంటారు. కుడి పక్కింటి పిన్ని "ఏటైంది బాబూ?" అంటుంది. ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడిలో పుట్టి పెరిగినవాణ్ని కదా, రెండు భాషల్లోనూ సిగ్గుపడడం వచ్చు నాకు.

అయిందేమిటంటే, కారు లేవలేదు. కరెంటు కారు. కొని పది నెలలు. రాత్రి చార్జింగు వైరు తీసేటప్పుడు 78 శాతం ఉంది. పొద్దున రిమోట్ నొక్కితే కిక్కురుమనదు. అందులో దాచి ఉంచిన ఇనప తాళంచెవి బయటికి లాగి, మా నాన్న బీరువా తీసినట్టు తలుపు తీసి కూర్చున్నాను. బ్రేకు తొక్కి బటన్ నొక్కితే ముందు నుంచి టకటకటకమని చప్పుడు. బల్లి శకునం చెప్పినట్టు. తరవాత అదీ లేదు. నేను దిగి, నడుం మీద చెయ్యి వేసుకుని, దుకాణానికి నడిచే పోదామని చెప్పులు సర్దుకునేసరికి తనంతట తనే లైట్లు వెలిగించుకుని "రా, పోదాం" అన్నట్టు చూసింది.

పూర్తిగా చెడిపోయిన వస్తువుతో బాధ లేదు, దాని సంగతి తేలిపోయింది. ఒకపూట చెడి ఒకపూట బాగుండేదే మనిషిని పిచ్చివాణ్ని చేస్తుంది. మండుటెండలో రాజావారి కోట దగ్గర వైపర్లు ఆడించింది. ఒకరోజు నేను లోపల ఉండగానే తలుపులు వేసుకుని, తీసి, మళ్లీ వేసుకుంది. తెర మీద వరసగా హెచ్చరికలు: బ్రేకు సిస్టంలో లోపం, స్టీరింగులో లోపం, టైరు ప్రెషరులో లోపం. అన్నీ ఇంగ్లీషులోనే, అదీ నాకు అర్థంకాని ఇంగ్లీషులో. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం మాట్లాడే భాషలోనే రాయాలని ఆయన అంత పోరాడితే, నా కారు ఇంకా గ్రాంథికంలోనే ఏడుస్తోంది.

హైదరాబాదులో ఉన్న మావాడికి ఫోన్ చేశాను.

"నాన్నా, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్."

"ఆన్ అవకే కదరా నీకు చేసింది."

"పోనీ ఆఫ్ చెయ్."

వాడికి నెలకి అంత జీతం ఎందుకిస్తున్నారో ఆరోజు నాకు అర్థం కాలేదు.

టెక్కలి నుంచి మా మావయ్యగారు వచ్చారు. ఆయన దృష్టిలో 1900లో రాజావారు నౌపడా నుంచి మా ఊరికి వేయించిన చిన్న రైలు తరవాత నమ్మదగిన బండి ఏదీ రాలేదు. కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "అల్లుడుగారూ, దీనికి ఒడిశా కరెంటు పడలేదండి. ఓసారి ఆంధ్రా కరెంటు పెట్టి చూడండి" అన్నారు.

నవ్వకండి. నేను పెట్టాను. తీగలో వచ్చే 230 వోల్టులకి సరిహద్దు తెలీదని నాకూ తెలుసు. కానీ మూడు వారాలుగా నిద్రలేని మనిషికి తెలిసినవన్నీ గుర్తుండవు. ఆంధ్రాలోని పాతపట్నం పక్కనే కదా, అక్కడ మా మేనత్త ఇంటికి పోయి, ఆమె గ్రైండరు ప్లగ్గు పీకి నా కారు పెట్టి, చలిమిడి తిని వచ్చాను. రెండు రోజులు కారు బంగారం! మావయ్యగారు టెక్కలి అంతా చెప్పుకున్నారు. మూడో రోజు వైపర్లు ఆడాయి.

ఇక సర్వీసు సెంటరు. ఊరి పేరు చెప్పను, దూరం మాత్రం బాగా దూరం. అక్కడికి చేరేసరికి కారు పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకులా కూర్చుంది, అంత బుద్ధిమంతుడు ఇంకోడు లేడన్నట్టు. కుర్రాడు లాప్‌టాప్ తగిలించి "సార్, ఇరవై మూడు ఫాల్ట్ కోడ్స్ ఉన్నాయి" అన్నాడు. నా గుండె ఆగింది. "క్లియర్ చేసేశాను సార్" అన్నాడు. మళ్లీ కొట్టుకుంది. జబ్బు ఏమిటని అడిగితే, ఇప్పుడు ఏమీ లేదు సార్, వచ్చినప్పుడు తీసుకురండి అన్నాడు. వచ్చినప్పుడు ఇది కదలదు నాయనా, కదిలినప్పుడు అది రాదు. ఈ ముక్క వాడికి ఎంత చెప్పినా ఎక్కలేదు.

చివరికి ఊళ్లోనే దొరికాడు మనిషి. ట్రాక్టర్లకీ, పెళ్లిళ్ల మైకుసెట్లకీ వైరింగు చేసే పెద్దాయన. కరెంటు కారు ఎప్పుడూ ముట్టుకోలేదట. అదే ముందు చెప్పాడు, నాకు అక్కడే నమ్మకం కుదిరింది. బానెట్టు లేపి చూసి, "బాబూ, ఆ నారింజరంగు వైర్ల జోలికి నాను రాను. అవి యముడి జంద్యాలు. ఈ మూలనున్న చిన్న బ్యాటరీ నాకు తెలుసు, మా ట్రాక్టరుదాని తమ్ముడే" అన్నాడు.

నా కారులో రెండో బ్యాటరీ ఉందని నాకు తెలిసింది అప్పుడే. ఆయన తాపీగా చెప్పాడు. కింద ఉన్న పెద్ద బ్యాటరీ మూడొందల వోల్టుల పైమాట. అంత కరెంటు ఎప్పుడూ బయట తిరిగితే మనం బతకం. అందుకే బండి ఆపితే దానికి లోపల రిలేలనే కరెంటు స్విచ్చులు తాళం వేసేస్తాయి. ఆ తాళం మళ్లీ తియ్యాలంటే ఈ 12 వోల్టుల చిన్న బ్యాటరీయే కరెంటు ఇవ్వాలి. తలుపులు, తెర, వైపర్లు, బండిలోని బుల్లి కంప్యూటర్లు అన్నిటికీ ఇదే దిక్కు. బండి లేచాక పెద్దదే చిన్నదాన్ని చార్జి చేస్తుంది. అంటే లోపల నిండు పాలసముద్రం ఉన్నా, గేటు దగ్గర కూర్చున్న ముసలి తాత లేవకపోతే చుక్క బయటికి రాదు. నేను విన్న బల్లి చప్పుడు ఆ రిలేలదే. లాగే బలం లేక పట్టుకుని వదిలేస్తున్నాయి.

వోల్టులు కొలిచే మల్టీమీటరు తీశాడు. బండి ఆపి ఉంచి చూస్తే 11.8. నిండుగా ఉంటే 12.6 దాకా చూపించాలట. "ముసలోడు నీరసంగున్నాడు" అన్నాడు. బండి లేపమన్నాడు, ఆ పూట దాని దయ, లేచింది. వైరు చివర ఉన్న క్లాంపు మీద ముల్లు పెడితే 14 దగ్గర చూపించింది. అదే ముల్లు అంగుళం జరిపి, క్లాంపు లోపలున్న సీసపు బొడిపె మీద పెడితే 12.3.

"చూశారా? చెంబు వంచుతున్నారు, నోట్లో పడట్లేదు" అన్నాడు. "ఎర్తు వైపు, అదే నెగటివ్ వైపు, లూజు కాంటాక్టు."

ఇరవై మూడు జబ్బుల సంగతీ అదే. పెళ్లింట్లో గ్యాసు అయిపోతే ఒకాయన పప్పులో ఉడుకు లేదంటాడు, ఒకావిడ కాఫీ చల్లగుందంటుంది, ఇంకొకరు పూరీలు ఏవీ అంటారు. వోల్టు పడిపోతే బ్రేకు కంప్యూటరు, స్టీరింగు కంప్యూటరు, టైరుది, అన్నీ వేటి ఫిర్యాదు అవి రాసుకుంటాయి. ఫిర్యాదులు చెరిపేస్తే గ్యాసు వస్తుందా? మరి ఆంధ్రా కరెంటు మహిమ? పాతపట్నం దారిలో ఏదో గతుకు క్లాంపుని సరిగ్గా కూర్చోబెట్టింది. మూడో రోజు ఇంకో గతుకు లేపేసింది.

ఇంతలో పెద్దాయన బండి ఆపించి, పది నంబరు పానా పట్టుకుని వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. "ఇదెవరు కట్టారు బాబూ?"

నెగటివ్ క్లాంపు బోల్టుకి సన్నని ఇనపతీగ. దానికి ఎండి నల్లబడ్డ ఒక నిమ్మకాయ, నాలుగు మిరపకాయలు. నిమ్మకాయ కారిన చోట టెర్మినల్ నిండా తెల్లగా, పచ్చగా పొంగిన చిలుము, బూజు పట్టిన అప్పడంలా.

బావమరిది! కారు కొన్న వారం పూజ చేయించినవాడు వాడే. బంపరుకి కడితే కుర్రాళ్లు తెంపేస్తున్నారని, బానెట్టు లోపల భద్రంగా కట్టానని అప్పుడే ఎంతో గొప్పగా చెప్పాడు. బోల్టు వదులు చేసి, తీగ దూర్చి, వేళ్లతో బిగించాడట. పైగా ప్రతి నెలా వచ్చి కాయ మారుస్తున్నాడు. అంటే నెలకోసారి బోల్టు విప్పి, కొత్త పులుసు పోసి పోతున్నాడు.

పెద్దాయన ఎర్తు వైరు విప్పి, మా ఆవిడ దగ్గర వంటసోడా అడిగి వేడినీళ్లలో కలిపి, పాత టూత్‌బ్రష్షుతో తోమాడు. అది బుస్సుమని పొంగి, లోపలి నుంచి సీసం మెరిసింది. ఆరాక పానాతో బిగించి, పైన కాస్త వాజ్‌లిన్ రాశాడు. బ్యాటరీని విడిగా చార్జరు మీద ఓ రాత్రి ఉంచితే చాలన్నాడు. నూట యాభై తీసుకున్నాడు. అందులో ఓ ముప్పై వంటసోడాకి తిరిగివ్వబోతే మా ఆవిడ వద్దంది.

ఆ సాయంత్రం ఫోనులో బావమరిదిని ఉతికి ఆరేశాను. వాడు మొత్తం విని, "బావా, ఆ నిమ్మకాయ అంత దిష్టి లాగబట్టే ఇరవై మూడు దగ్గర ఆగింది. లేకపోతే ఎన్నయ్యేవో" అన్నాడు. పక్క నుంచి మా ఆవిడ "మా తమ్ముడు చెప్పినదాంట్లో తప్పేటుందండీ?" అంది.

రెండు నెలలైంది, కారు చక్కగా లేస్తోంది. నేనే ఒక మల్టీమీటరు కొనుక్కున్నాను. రోజూ పొద్దున్నే కాఫీ తాగే ముందు 12.6 చూసుకుంటే గానీ తోచదు. ఒడియా మేష్టారికి కూడా ఇప్పుడు అలవాటైపోయింది, "కణ హెలా" మానేసి "కేతే?", అంటే ఎంత అని అడుగుతున్నారు. నిన్న అడిగితే చూద్దామని మేకుకి తగిలించిన మీటరు తీశాను. దాని ఎర్ర వైరుకి చిన్న నిమ్మకాయ ఒకటి వేలాడుతోంది.